పరాయి ఊళ్ళో మొదటి గది

పరాయి దేశాలకి వెళ్ళినవాళ్ళ సాహిత్యం మీద మన దగ్గర వచ్చే విమర్శలో ఒక అలవాటు బాగా పాతుకుపోయింది. కథలో ఒక స్త్రీ విమానం దిగి, తలుపేసుకుని, కిటికీలోంచి మంచు చూసిందంటే చాలు, మనం మాతృభూమి మీద బెంగ అని, అస్తిత్వ వేదన అని, రెండు సంస్కృతుల మధ్య నలుగుబాటు అని రాసేస్తాం. ఈ మాటలు అబద్ధమని నేననను. కానీ ఆ గదికి అద్దె ఎవరు కట్టారు, తాళం చెవులు ఎన్ని ఉన్నాయి, ఆ స్టవ్ వెలిగించడం ఆమెకి ఎవరు చూపించారు అని మాత్రం అడగం. బెంగ పెట్టుకోవడానికి కూడా కాస్త తీరిక కావాలి. పరాయి ఊళ్ళో తొలి రోజులు బెంగ కంటే ముందు పని. ఆ పని ఎవరు చేస్తారు, చేసింది ఎవరి పేరు మీద జమవుతుంది అన్నది స్త్రీవాద విమర్శ అడగవలసిన ప్రశ్నే గదా. అది అడక్కుండా వదిలేస్తున్నామని నా ఫిర్యాదు.

దీని మూలం మన మాటల్లోనే ఉంది. ‘అబ్బాయి అమెరికాలో సెటిలయ్యాడు’ అంటాం. ‘అమ్మాయిని అమెరికాలో సెటిల్ చేశాం’ అంటాం. మొదటి వాక్యంలో అబ్బాయి కర్త. రెండో వాక్యంలో అమ్మాయి కర్మ. (వ్యాకరణంలో కర్మ అంటున్నాను, తలరాత అని కాదు.) సెటిలవడం అతను చేసిన పని, సెటిల్ చేయబడడం ఆమెకి జరిగిన సంగతి. ఊళ్ళో బజారెక్కడుందో వెతుక్కుని, చలికోటు కొనుక్కుని, కరెంటు బిల్లు కట్టడం నేర్చుకుని, రాత్రి ఎనిమిదింటికల్లా వంట చేసిపెట్టిన ఆ అమ్మాయి శ్రమకి మన భాషలో క్రియ లేదు.

ఝంపా లాహిరి కథ ‘ది థర్డ్ అండ్ ఫైనల్ కాంటినెంట్’ మనలో చాలామంది చదివిందే. 1999లో వచ్చిన ఆమె మొదటి సంపుటంలో చివరి కథ. ఆ సంపుటానికే 2000లో పులిట్జర్ వచ్చింది. విశ్వవిద్యాలయాల్లో పాఠంగా చెప్తున్నాం, నేనూ చెప్పాను. 1964లో ఓడలో లండన్ చేరిన ఒక బెంగాలీ యువకుడు, 1969లో కలకత్తా వెళ్ళి పెద్దలు కుదిర్చిన పెళ్ళి చేసుకుని, భార్యని అక్కడే ఉంచి ఉద్యోగానికి అమెరికా వస్తాడు. చంద్రుడి మీద మనుషులు దిగిన రోజుల్లో బోస్టన్‌లో దిగుతాడు. అతని తొలి రోజులు ఎంత ఓపిగ్గా రాసిందో చూడండి. వై.ఎం.సి.ఎ. గదిలో నిద్ర పట్టనివ్వని వీధి రొద, పాలూ కార్న్‌ఫ్లేక్సూ కొనుక్కోవడం, తర్వాత నూట మూడేళ్ళ మిసెస్ క్రాఫ్ట్ ఇంట్లో వారానికి ఎనిమిది డాలర్ల గది, ప్రతి సాయంత్రం బెంచీ మీద ఆవిడ పక్కన కూర్చుని ఆవిడ చెప్పమన్న మాట చెప్పడం. ఒంటరి మగవాడు ఒక ఊరిని నెమ్మదిగా మచ్చిక చేసుకునే తీరు అంత మృదువుగా రాసిన కథలు తక్కువ.

తర్వాత మాలా వస్తుంది. అతని భార్య. ఆమె తొలి రోజులకి కథలో దక్కినవి కొన్ని వాక్యాలు. అతను ఖర్చులకని కొన్ని డాలర్లు వదిలి పనికి వెళ్తాడు. సాయంత్రం తిరిగి వచ్చేసరికి ఇంట్లో కూరగాయల చెక్కు తీసే పీలర్ ఒకటి ఉంటుంది, బల్ల మీద కొత్త గుడ్డ పరిచి ఉంటుంది, స్టవ్ మీద కోడికూర ఉంటుంది. అంతే. ఆ డాలర్లకీ ఆ పీలర్‌కీ మధ్య ఒక వీధి ఉంది, ఒక దుకాణం ఉంది, ముందెప్పుడూ చూడని నాణేలు ఉన్నాయి, ఏ అరలో ఏముందో తెలియని నడవాలు ఉన్నాయి, గల్లాపెట్టె దగ్గర తన ఇంగ్లీషు అవతలివాళ్ళకి అర్థమవుతుందో లేదోనన్న క్షణం ఉంది, తిరిగి వచ్చేటప్పుడు ఒకేలా కనిపించే వీధుల్లో తమ ఇల్లు ఏదో పోల్చుకోవడం ఉంది. అతని కార్న్‌ఫ్లేక్స్ మనం కళ్ళారా చూశాం. ఆమె పీలర్ మాత్రం బల్ల మీద మొలిచినట్టు కనిపిస్తుంది.

కథ అతని గొంతులో ఉంది, అతను చూడనిది ఎలా చెప్తాడు అని వాదించొచ్చు. నిజమే, చూడడు. అడగనూ అడగడు. అతను చెడ్డవాడు కాదు, ఆ మాటకొస్తే మన కథల్లోని చాలామంది భర్తల కంటే మర్యాదస్థుడు. అంత మంచివాడి కథలో కూడా ఆ సాయంత్రం ‘ఎలా వెళ్ళావు’ అన్న మాట రాకపోవడమే నా పట్టింపు. ఆమె మీద అతనికి మొదటిసారి సానుభూతి కలిగేది, ఇద్దరూ కలిసి మిసెస్ క్రాఫ్ట్‌ని చూడడానికి వెళ్ళినప్పుడు. ఆవిడ చీరకట్టులో ఉన్న మాలాని ఎగాదిగా చూస్తుంటే, తను కూడా ఒకప్పుడు ఇలాగే పరాయి ఊళ్ళో దిగానని అతనికి గుర్తొస్తుంది. అంటే ఆమె తొలి రోజులు అతనికి అర్థం కావడానికి తన తొలి రోజులు అడ్డుపెట్టి చూడాలి. ముసలావిడ తీర్పు చెప్తుంది, అమ్మాయి నిఖార్సయిన పెద్దమనిషి అని. అప్పుడు దంపతులిద్దరూ ఒకరినొకరు చూసుకుని మొదటిసారి నవ్వుకుంటారు. క్లాసులో ఈ చోటుకి వచ్చేసరికి విద్యార్థులూ నవ్వుతారు. నాకు మాత్రం పెళ్ళిచూపులు గుర్తొస్తాయి.

ఇంకో చిన్న సంగతి. తన గదులు హార్వర్డ్, టెక్ కుర్రాళ్ళకే ఇస్తానని మిసెస్ క్రాఫ్ట్ మొదట్లోనే చెప్పేస్తుంది. కథకుడు దాన్ని ముసలితనపు చాదస్తంగా తీసుకుంటాడు, మనమూ అలాగే చదువుకుంటూ పోతాం. కానీ అదొక నిబంధన. మాలా ఒంటరిగా బోస్టన్‌లో దిగి ఉంటే ఆ గది ఆమెకి దొరికేది కాదు. విధవరాలై, నలభయ్యేళ్ళు పియానో పాఠాలు చెప్పి పిల్లల్ని పెంచిన స్త్రీ పెట్టిన నిబంధన అది. ఈ వైరుధ్యం దగ్గర ఆగిన వ్యాసం ఒక్కటీ నా కంటపడలేదు.

గది దొరకని స్త్రీ కథ కావాలంటే బుచి ఎమెచెటా దగ్గరికి వెళ్ళాలి. ‘సెకండ్ క్లాస్ సిటిజన్’ 1974 నాటి నవల. ఎమెచెటా 1944లో లాగోస్‌లో పుట్టింది. 1962లో ఇద్దరు పిల్లల్ని తీసుకుని, అప్పటికే లండన్‌లో చదువుకుంటున్న భర్త దగ్గరికి చేరింది. ఇరవై రెండేళ్ళకి పిల్లలతో అతన్ని వదిలి బయటికొచ్చింది. 2017లో పోయింది. నవలలోని అడా జీవితం ఇంచుమించు ఆమెదే.

అడా లాగోస్‌లో అమెరికన్ కాన్సులేట్ లైబ్రరీలో పనిచేస్తూ, మంచి జీతం తెచ్చుకుంటూ, భర్త ఫ్రాన్సిస్ చదువుకి డబ్బు పంపింది. ఆడవాళ్ళు ఇంగ్లండ్ వెళ్ళడమేమిటన్న అత్తమామల్ని తెలివిగా ఒప్పించి, పిల్లలతో ఓడెక్కి లివర్‌పూల్‌లో దిగింది. లండన్‌లో ఫ్రాన్సిస్ ఆమెని కెంటిష్ టౌన్‌లోని ఒక ఇంటికి తీసుకెళ్ళి ఒక గది చూపిస్తాడు. ఒక మంచం, ఒక సోఫా పడితే నిండిపోయే గది. స్నానాలగది లేదు, మరుగుదొడ్డికి మెట్లన్నీ దిగి వెళ్ళాలి. ప్రయాణానికి డబ్బు పెట్టింది ఆమె. గది ఎంచింది అతను. నల్లవాళ్ళకి, అందులో పిల్లలున్నవాళ్ళకి ఇళ్ళు దొరకవని చెప్తాడు. లాగోస్‌లో నువ్వు దొరసానివి కావచ్చు, ఇక్కడ దిగిన రోజు నుంచీ రెండో తరగతి మనిషివని కూడా అంటాడు. ఎమెచెటా ఆ మాట తెల్లవాడి నోట పెట్టలేదు, భర్త నోట పెట్టింది. జాతి వివక్ష గడప అవతల ఆగదు. గదిలోకి వచ్చి, మొగుడి అధికారానికి ఊతకర్ర అవుతుంది. బయట ఇంతే, కాబట్టి లోపల నేను చెప్పినట్టు పడుండు అన్న తర్కం మన ఇళ్ళల్లోనూ బాగా తెలిసిందే.

అతను చెప్పిన ఫ్యాక్టరీ పని కాదని, నార్త్ ఫించ్లీ లైబ్రరీలో ఉద్యోగం సంపాదిస్తుంది. ఆ ఇంట్లో ఉన్న మిగతా నైజీరియన్లకి ఇది గిట్టదు. చివరికి గది ఖాళీ చేయమని నోటీసు వస్తుంది. అప్పుడు మొదలవుతుంది గదుల వేట. కిటికీల్లో, నోటీసు బోర్డుల్లో నల్లవాళ్ళకి ఇవ్వబడదన్న చీటీలు. ఏ చీటీ కూడా లేని ఒక ప్రకటన కనిపిస్తే అడా టెలిఫోన్ బూత్‌లోకి వెళ్ళి, ముక్కుపుటాలు నొక్కిపట్టుకుని, యాస తెలియకుండా మాట్లాడుతుంది. అవతలి ఇంటావిడ సరేనంటుంది. చీకటి పడ్డాక వస్తామంటుంది అడా. వెళ్తారు. తలుపు తెరిచిన ఆవిడకి కాసేపు నోట మాట రాదు, తర్వాత గదులు ఇప్పుడే అయిపోయాయంటుంది. నవల మొత్తం మీద నన్ను మళ్ళీ మళ్ళీ వెనక్కి లాగే పేజీలు ఇవే. అందులో ఏడుపు లేదు. ఉన్నదంతా ఉపాయం. ఏ వేళకి వెళ్ళాలి, గొంతు ఎలా మార్చాలి, ఎవరు ముందు నిలబడాలి అన్న లెక్కలు. బ్రిటన్‌లో 1965లో వచ్చిన మొదటి జాతి సంబంధాల చట్టం అద్దె ఇళ్ళ జోలికి పోలేదు. 1968లో రెండో చట్టం వచ్చాకే ఆ చీటీలు చట్టవిరుద్ధమయ్యాయి. అడా వెతుకుతున్న రోజుల్లో ఆ ఇంటావిడ చేసింది పూర్తిగా చట్టబద్ధం.

ఇది చదువుతుంటే మనం నైజీరియా దాకా వెళ్ళనక్కర్లేదు. హైదరాబాదులో టులెట్ బోర్డు కింద ‘వెజిటేరియన్స్ ఓన్లీ’ అని రాసి ఉండడం అందరం చూశాం. ఒంటరి స్త్రీకి ఇల్లివ్వరు. ఇంటిపేరు అడుగుతారు, ఆ ఇంటిపేరు చాలకపోతే ఊరు అడుగుతారు. ఫోన్లో ఖాళీగా ఉన్న ఇల్లు మనిషిని చూశాక నిండిపోవడం దళిత, ముస్లిం స్త్రీలకి కొత్త సంగతేమీ కాదు. విదేశంలో తొలి రోజుల గురించి రాసే మన అగ్రవర్ణ స్త్రీలకి (నేనూ ఆ ఇళ్ళలోంచి వచ్చినదాన్నే) ఆ అనుభవం లండన్‌లోనో డల్లాస్‌లోనో మొదటిసారి ఎదురై, అక్కడి వివక్షగా మాత్రమే నమోదవుతుంది. సొంత ఊళ్ళోనే పరాయి ఊరి తొలి రోజులు గడిపినవాళ్ళు ఆ పేజీలని వేరే విధంగా చదువుతారు.

ఎమెచెటాని నెత్తిన పెట్టుకోవాలని నేననడం లేదు. ఆ ఇంట్లోని తోటి నైజీరియన్లని అడా చూసే చూపులో పొగరుంది. చదువుకోని యొరూబా ఇరుగుపొరుగు ఆమె కళ్ళకి అసూయపరులే తప్ప, తనలాగే గది దొరక్క అక్కడ చేరినవాళ్ళుగా కనిపించరు. నవల ఆ చూపుని ఒక్కసారైనా గట్టిగా నిలదీయదు. అయినా ఆ పొగరు దాచిపెట్టకుండా రాయడం వల్ల మనకో సంగతి తెలుస్తుంది. పరాయి ఊళ్ళో మొదట పోయేది డబ్బు కాదు, హోదా. దాన్ని కాపాడుకోవడానికి మనిషి పక్కవాణ్ణి తక్కువ చేస్తుంది.

ఈ నవలని నేను శ్రద్ధగా చదివింది లండన్‌లోనే, 2019 అక్టోబరులో, నాలుగు నెలల ఫెలోషిప్ మీద వెళ్ళినప్పుడు. పగలు బ్రిటిష్ లైబ్రరీలో కూర్చునేదాన్ని. ఎమెచెటా 1965 నుంచి 1969 దాకా బ్రిటిష్ మ్యూజియంలో లైబ్రరీ ఉద్యోగిగా పనిచేసింది. ఆ మ్యూజియం గ్రంథాలయమే 1973లో బ్రిటిష్ లైబ్రరీ అయింది. అక్కడి నుంచి కెంటిష్ టౌన్ నడిచి వెళ్ళగలిగినంత దూరం. నడిచాను కూడా. అడా గది ఉన్న వీధుల్లాంటి వీధుల్లో ఇప్పుడు అద్దెలు నాలాంటివాళ్ళం అడిగే ధైర్యం కూడా చెయ్యలేనివి.

నాకు దొరికిన గది ఇంకా ఉత్తరాన ఉంది. దాని యజమాని వంటింట్లో నిలబెట్టి నా పాస్‌పోర్టూ వీసా ఫోన్‌తో ఫొటో తీసుకున్నాడు. అద్దెకొచ్చేవాళ్ళ కాగితాలు ఇంటివాళ్ళే తనిఖీ చెయ్యాలన్న నిబంధన 2014 చట్టంతో వచ్చింది, 2016 ఫిబ్రవరి నుంచి ఇంగ్లండ్ అంతటా అమలైంది. ఒక చట్టం కిటికీలోని చీటీ తీయించింది, ఇంకో చట్టం ఇంటి యజమానిని ఇమిగ్రేషన్ గుమాస్తాని చేసింది. బ్యాంకు ఖాతాకి వెళ్తే చిరునామా రుజువు తెమ్మన్నారు. చిరునామా రుజువు కోసం అడిగితే ఇంటాయన బ్యాంకు కాగితం తెమ్మన్నాడు. ఈ గుండ్రం కథ వెళ్ళిన ప్రతివాళ్ళూ చెప్పేదే, ఎక్కువ చెప్పను.

చెప్పవలసింది కరెంటు గురించి. గదిలో ప్రీపెయిడ్ మీటరు ఉండేది. దానికొక నీలం రంగు ప్లాస్టిక్ తాళం. అది పట్టుకుని వీధి చివర కొట్టుకి వెళ్ళి, డబ్బు కట్టి, దాన్లో నింపించుకుని, తెచ్చి మీటరులో గుచ్చాలి. మొదటి రాత్రి దీపం పోయేదాకా నాకీ సంగతి ఎవరూ చెప్పలేదు. కొట్టు నడిపే జాఫ్నా తమిళావిడ నన్ను చూసి, ‘తెలుంగా?’ అని అడిగి, ఆ తాళం ఎటువైపు తిప్పి పెట్టాలో, డబ్బు అయిపోతే అయిదు పౌండ్ల అప్పు మీటరు ఎలా ఇస్తుందో, ఆ అప్పు వాడకుండా ఉండడం ఎందుకు మంచిదో అన్నీ వివరంగా చెప్పింది. ఆ ఊళ్ళో నాకు దొరికిన మొదటి గురువు ఆమే. అరవైల్లో చవక గదుల్లో షిల్లింగు వేస్తే గాని గ్యాసు రాని మీటర్లుండేవి. పేదవాళ్ళు వెలుతురుకి ముందే డబ్బు కట్టాలన్న సూత్రం మారలేదు, షిల్లింగు పోయి ప్లాస్టిక్ తాళం వచ్చింది, అంతే.

ఆ కొట్టావిడ లాంటి మనుషుల కోసమే నేను పాత యాత్రా కథనాలు మళ్ళీ తిరగేశాను. ప్రతిదానిలో నేను వెతికింది ఒక్కటే, రేవులో ఎవరున్నారు? అడాకీ మాలాకీ భర్తలున్నారు. 1883 జూన్‌లో న్యూయార్క్ రేవులో దిగిన ఆనందీబాయి జోషికి థియోడీషియా కార్పెంటర్ ఉంది. పళ్ళ డాక్టరు దగ్గర తన వంతు కోసం కూర్చున్నప్పుడు ఒక మిషనరీ పత్రికలో ఈ అమ్మాయి సంగతి చదివి, ఉత్తరాలు రాసి, న్యూజెర్సీలోని తన ఇంట్లో చోటిచ్చిన అపరిచితురాలు. భర్త గోపాలరావు అప్పటికి ఇండియాలోనే ఉన్నాడు. ఆనందీబాయి చదువు గురించి రాసేటప్పుడు మనం గోపాలరావు పట్టుదల గురించి పేజీలు రాస్తాం, కార్పెంటర్ ఇల్లు ఒక్క వాక్యంలో పోతుంది. 1886 మార్చిలో ఫిలడెల్ఫియాలో పట్టా పుచ్చుకున్న ఆ డాక్టరు, ఇంటికొచ్చి 1887 ఫిబ్రవరిలో ఇరవై రెండేళ్ళు నిండకుండానే చనిపోయింది. ఆమె తొలి రోజులకి ఇల్లు అమర్చింది ఒక స్త్రీ అన్న సంగతి పాదసూచిక కాదు, చరిత్ర.

మనకూ ఒకావిడ ఉంది. పోతం జానకమ్మ రాఘవయ్య. ఇంగ్లండ్ చూసొచ్చి ఆమె తెలుగులో రాసింది, ‘పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్’ పేరుతో ఇంగ్లీషులో పుస్తకంగా 1876లో మద్రాసులో అచ్చయింది. తెలుగు స్త్రీ ఒకామె పరాయి దేశపు ఊరిని చూసి తెలుగులో రాసి నూట యాభై ఏళ్ళయింది. మన సాహిత్య చరిత్రల్లో ఆమెకి ఎన్ని పంక్తులిచ్చామో మీరే తీసి చూడండి.

ఇప్పటి తెలుగు స్త్రీల తొలి రోజులు ఎక్కువగా అమెరికాలో, ఎక్కువగా భర్త వీసాకి తోకగా వచ్చిన హెచ్-4 మీద. ఆ వీసా మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం చేసే హక్కు లేదు. 2015 మే 26 నుంచి, భర్త గ్రీన్‌కార్డ్ వ్యవహారం ఒక మెట్టు దాటినవాళ్ళకి మాత్రం పని అనుమతి వచ్చింది. పని అనుమతి లేకపోతే సోషల్ సెక్యూరిటీ నంబరు లేదు. ఇల్లు అతని పేరు, కరెంటు అతని పేరు, ఫోను అతని పేరు. హైదరాబాదులో సొంత జీతంతో బతికిన ఇంజనీరు అక్కడ దిగిన రోజు నుంచీ ఏ కాగితం మీదా కనిపించదు. అడా చేతిలో కనీసం ఉద్యోగముంది. నిడదవోలు మాలతి ‘చాతకపక్షులు’ నవల పెళ్ళితో అమెరికా చేరిన అమ్మాయిని ముందుకు తెచ్చింది. అలాంటివి లేవని కాదు. కానీ నేను చదివిన కథల్లో ఎక్కువ భాగం ఈ స్త్రీని కిటికీ దగ్గరే నిలబెడతాయి. ఆమె ఆవకాయ వాసనకి కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. బస్సు లేని ఊళ్ళో, కారు నడపడం రాక, మైలున్నర దూరంలోని దుకాణం నుంచి పాల క్యాను మోసుకొచ్చిన మధ్యాహ్నం కథలోకి రాదు. నాకు తెలిసినవాళ్ళు ఆ మధ్యాహ్నాల గురించి గంటలు గంటలు మాట్లాడతారు. రాయమంటే, అందులో రాయడానికేముంది, మామూలే గదా అంటారు. మామూలని వాళ్ళకి నేర్పింది ఎవరు? బెంగనే సాహిత్యమన్న మన విమర్శ కూడా కొంత నేర్పింది.

ఎమెచెటాకి ఆ మామూలే ముడిసరుకు. తెల్లవారుజామున పిల్లలు లేవకముందు రాసుకుని, పత్రికలకి పంపింది. ‘న్యూ స్టేట్స్‌మన్’లో వచ్చిన ఆ రచనలే 1972లో ‘ఇన్ ద డిచ్’ అయ్యాయి. అంతకంటే ముందు రాసిన మొదటి రాతప్రతి ఒకటుంది. నవలలో అడా దాన్ని ఫ్రాన్సిస్‌కి చూపిస్తుంది. అతను ఇంట్లోనే కాల్చేస్తాడు, ఆమె వెతికి వెతికి సంపాదించిన గదిలో. ఎమెచెటా ఆ పుస్తకాన్ని మళ్ళీ మొదటి నుంచీ రాసింది. ‘ద బ్రైడ్ ప్రైస్’ అన్న పేరుతో 1976లో అచ్చయింది.